కొండవీటి నీటికి కాపలా ఎవరు?

కొండ ఒక శాఖది.. చెరువు ఇంకో శాఖది.. దాహం మాత్రం పంచాయతీది

నరసరావుపేట: ఎంతకూ తెమలని వ్యవహారాన్ని తెలుగువారు ‘కొండవీటి చేంతాడు’తో పోలుస్తారు. కొండవీటి ప్రాంతంలో నీరు బహు లోతున ఉండేదని, చేదుకోవడానికి అంతులేని తాడు కావలసి వచ్చేదని, అందువల్లే ఆ నుడికారం పుట్టిందని పెద్దలు చెబుతారు. రాజ్యాలు పోయినా, కోట గోడలు కూలినా ఆ తాడు మాత్రం తెగలేదు. బావిలోని చేద స్థానంలో బోరుబావిలోని మోటారు వచ్చింది. తాడు పొడవు అడుగుల్లో కొలిచే గొట్టంగా మారింది. నీటిని వెతుక్కుంటూ భూమి లోపలికి దిగడం నేటికీ ఆగలేదు.

కొండపై కురిసిన వాన ఎటు పోతోంది, దానిని నిలిపే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలోని ఈ కొండల చుట్టూ ఉన్న పల్లెలకు కొత్తది కాదు. అయితే దానికి సమాధానం చెప్పవలసిన కార్యాలయాల సంఖ్య ఏటికేడు పెరుగుతోంది. సమాధానం మాత్రం దొరకడం లేదు.

రాణి తవ్వించిన సాగరం

అద్దంకి నుంచి రాజధానిని కొండవీటికి మార్చిన రెడ్డిరాజులకు శత్రువుకన్న ముందు దాహంతో తలపడవలసి వచ్చింది. గిరిదుర్గంలో ఎంత సైన్యం ఉన్నా నీరు లేకుంటే కోట నిలవదు. అందుకే కొండపైనే ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఏర్పడ్డాయి. ఒకటి నిండితే మిగులు నీరు మరొక దానిలోకి చేరేలా వీటిని అమర్చారు. వాన చినుకును పడినచోటే పట్టి ఉంచడం, పట్టలేనిదాన్ని కింది చెరువుకు అప్పగించడం అన్న సూత్రాన్ని ఆరు శతాబ్దాల క్రితమే ఇక్కడ అమలు చేశారు.

కొండ దిగువన జరిగిన పని ఇంతకన్న పెద్దది. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక ‘సంతానసాగరం’ పేర చెరువు తవ్వించినట్లు 1409 నాటి ఫిరంగిపురం శాసనం చెబుతోంది. ఆరేళ్ల తర్వాత, 1415లో, ఆమె కుమారుడు రాచవేముడు ఆ చెరువుకు నీరు చేర్చేందుకు ‘జగనొబ్బగండ కాలువ’ను తవ్వించినట్లు అమీనాబాదు శాసనం తెలుపుతోంది. ఈ రెండు శాసనాలనూ ఆ ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడే రచించాడు.

ఇక్కడ గమనింపదగిన అంశం ఒకటి ఉంది. చెరువు తవ్వడంతో పని ముగిసిందని ఆనాటి పాలకులు భావించలేదు. చెరువుకు నీరు తెచ్చే కాలువ లేకపోతే అది పెద్ద గొయ్యిగానే మిగులుతుందని గ్రహించి, ఆరేళ్లకే ఆ లోటు పూడ్చారు. చెరువు పూడిక తీసి ఫొటో దిగి, దానికి నీరు చేర్చే వాగు ఎక్కడ పూడిపోయిందో చూడని నేటి పద్ధతికి, ఆ పద్ధతికి ఎంత తేడా ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. పల్నాటి సీమ నీటి కటకటను వెక్కిరిస్తూ, ఇద్దరు భార్యలెందుకు, గంగను వదిలిపెట్టమని సాక్షాత్తు శివుణ్ణే వేడుకున్న చాటువు శ్రీనాథుని పేరనే ప్రచారంలో ఉండడం ఇందులోని విచిత్రం. చెరువుకు శాసనం రాసిన కవికే ఆ దాహం చాటువునూ జనం అంటగట్టారు.

మరో విచిత్రం ఇటీవలిది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో కొండవీడు ఉన్న యడ్లపాడు మండలం పల్నాడు జిల్లాలో చేరింది. శాసనాలున్న ఫిరంగిపురం, అమీనాబాదు గుంటూరు జిల్లాలో ఉండిపోయాయి. కోట ఒక కలెక్టరు పరిధిలోకి, ఆ కోటలోని పాలకులు తవ్వించిన చెరువు కాలువల నేల ఇంకో కలెక్టరు పరిధిలోకి వెళ్లాయి. పరిపాలన సౌలభ్యానికి గీసిన గీతలివి. వాగుకు మాత్రం ఈ గీతలు తెలియవు.

పుట్టినచోట కరవు.. చేరినచోట వరద

ఈ మాటకు కొండవీటి వాగే సాక్ష్యం. కొండవీటి కొండల్లో పుట్టిన ఈ వాగు సుమారు 30 కిలోమీటర్లు ప్రవహించి, గుంటూరు జిల్లాలోని తాడికొండ, తుళ్లూరు, మంగళగిరి ప్రాంతాల మీదుగా ఉండవల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. వేసవిలో జాడ లేకుండా ఉండే వాగు భారీ వర్షం కురిసిన రోజున పొలాలను ముంచెత్తుతుంది. కృష్ణలో ప్రకాశం బ్యారేజీ ఎగువన నీటిమట్టం ఎక్కువగా ఉన్నప్పుడు వాగునీరు నదిలోకి దిగలేక వెనక్కి తన్నడం దీనికి ప్రధాన కారణం. అమరావతి రాజధాని ఎంపికైన తర్వాత ఈ ముంపు రాష్ట్రస్థాయి సమస్యగా మారింది.

దానికి పరిష్కారంగా ఉండవల్లి వద్ద సుమారు రూ.237 కోట్ల వ్యయంతో ఎత్తిపోతల పథకం నిర్మించి 2018 సెప్టెంబరులో ప్రారంభించారు. పదహారు పంపులతో 5 వేల క్యూసెక్కుల వరద నీటిని నదిలోకి ఎత్తిపోయడం దీని లక్ష్యం. ఆ తర్వాత రాజధాని పనుల పునఃప్రారంభంతో వాగు వెడల్పు చేయడం, నీరుకొండ, శాఖమూరు వద్ద జలాశయాలు, రెండో ఎత్తిపోతల వంటివి కూడా ప్రణాళికలో చేరాయి. రాజధానిని వరద నుంచి కాపాడుకోవడం అవసరమే, అందులో తప్పు పట్టవలసింది లేదు. పైగా జలాశయాల ఆలోచన నీటిని పారబోయడం కన్న మెరుగైనది.

ప్రశ్న ఇంకొకటి. వాగు చివర నీటిని వదిలించుకునేందుకు వందల కోట్లు వెచ్చించడానికి వెనుకాడని యంత్రాంగం, వాగు మొదట ఆ నీటిని నిలిపేందుకు ఎంత ఖర్చు చేస్తోంది? కొండ వాలులో రాతికట్టలు, కందకాలు, చెక్‌డ్యాములు, కింద కుంటలు, ఆ కింద చెరువులు.. ఇలా మెట్లు మెట్లుగా నీటిని ఆపితే దిగువన వరద ఉధృతి కొంతైనా తగ్గుతుంది, ఎగువన భూగర్భ జలం కొంతైనా పెరుగుతుంది. కుండపోత వానను ఇవన్నీ కలిసినా ఆపలేవన్న ఇంజినీర్ల వాదనలో నిజం ఉంది. కానీ ఏడాదిలో కురిసే వానలన్నీ కుండపోతలు కావు. మామూలు వాన కూడా గంటల్లో జారిపోవడమే కొండ కింది పల్లెల అసలు నష్టం.

ఈ కొండలు గట్టి రాతితో ఏర్పడినవి. రాతి పగుళ్లలోనూ, పైనున్న పలుచటి శిథిల పొరలోనూ తప్ప నీరు నిలవదు. అందువల్ల కొండ అంచున వేసే బోరు అదృష్టాన్ని పరీక్షించుకోవడమే. కొద్ది దూరంలో నల్లరేగడి భూములు మొదలవుతాయి. అవి పైన తేమను పట్టి ఉంచుతాయిగాని లోపలికి త్వరగా ఇంకనివ్వవు. పడిన నీటిని ఉపరితలంలో నిలుపుకోవడం తప్ప ఇటువంటి చోట వేరే దారి లేదు. రెడ్డిరాజులు బావులతో సరిపెట్టక చెరువుల వైపు మొగ్గడానికి కారణం బహుశా ఇదే.

బాధ్యత ఒకచోట.. అధికారం ఇంకొకచోట

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చిన్నతరహా సాగునీరు, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి, తాగునీరు వంటి అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చి, పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొంది. ఆ వెలుగులోనే 1994లో రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. గ్రామానికి తాగునీరు ఇవ్వడం పంచాయతీ విధి అయింది. అయితే ‘అప్పగించవచ్చు’ అన్న మాటకు, ‘అప్పగించారు’ అన్న మాటకు మధ్య ఉన్న దూరం మూడు దశాబ్దాలు గడిచినా తరగలేదు.

కొండవీటి నీటి దారి వెంట పై నుంచి కిందికి నడిస్తే ఈ చిక్కు కళ్లకు కడుతుంది. కొండ వాలు రక్షిత అటవీ ప్రాంతం. అక్కడ ఒక కందకం తవ్వాలన్నా, ఒక రాతికట్ట వేయాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. కోటలోని పురాతన కట్టడాల జోలికి పురావస్తు శాఖను కాదని వెళ్లరాదు. ఘాట్ రోడ్డు, పర్యాటక వసతుల లెక్కలు వేరే శాఖలవి. కొండ దిగిన వాగు పోరంబోకు రెవెన్యూ పద్దులో ఉంటుంది. చెరువు ఆయకట్టు వంద ఎకరాలు దాటితే జలవనరుల శాఖది, లోపైతే పంచాయతీరాజ్‌ది అన్న విభజన చాలాకాలం నడిచింది. బోరుబావుల అనుమతి ‘వాల్టా’ చట్టం కిందికి వస్తుంది. చేపల వేలం మరో వివాదం. ఓవర్‌హెడ్ ట్యాంకు, కుళాయి గ్రామీణ నీటి సరఫరా విభాగం నిర్మిస్తుంది. ఇన్ని చేతులు మారిన తర్వాత బిందె నిండకపోతే ఆడవారు వచ్చి నిలదీసేది మాత్రం సర్పంచిని.

రైతులకు నీటి యాజమాన్యంలో భాగం కల్పించాలన్న ఉద్దేశంతో 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరిచారు. దేశంలో ఎన్నో రాష్ట్రాలు దీనిని ఆదర్శంగా తీసుకున్నాయి. ఆరంభంలో ఉత్సాహంగా నడిచిన సంఘాలు కాలక్రమంలో నీరసించాయి. ఎన్నికలు సకాలంలో జరగని సందర్భాలే ఎక్కువ. సుదీర్ఘ విరామం తర్వాత 2024 డిసెంబరులో రాష్ట్రవ్యాప్తంగా ఈ సంఘాలకు ఎన్నికలు నిర్వహించారు. అది స్వాగతించదగిన పరిణామమే. అయితే చెరువు కట్ట సంఘం చూసుకుంటే, ఆ చెరువు గట్టునే ఉన్న తాగునీటి బావి పంచాయతీ చూసుకోవాలి. నీరు ఒకటే అయినా ఎన్నికైన పెద్దలు రెండు వర్గాలు. ఇద్దరూ ఒకచోట కూర్చుని ఏడాదికి ఒకసారైనా నీటి లెక్క చూసుకోవాలన్న నిర్బంధం ఎక్కడా లేదు.

పదునున్న చట్టం.. పట్టే చేయి లేదు

నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం కాగితం మీద చాలా పదునైనది. ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపున అనుమతి లేకుండా బావి తవ్వరాదని అది చెబుతోంది. బావులన్నీ నమోదు కావాలి, బోరు వేసే రిగ్గులూ నమోదు కావాలి. వాన నీటి సంరక్షణ నిర్మాణాలు ఉండాలి. ఇసుక తవ్వకంపైనా ఆంక్షలున్నాయి. జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన ప్రాధికార సంస్థ ఉంటుంది.

పల్లెలో జరిగేది వేరు. పైరు ఎండుతుంటే రైతు ఏ కార్యాలయం గడప తొక్కేదాకా ఆగడు. రాత్రికి రాత్రి రిగ్గు వస్తుంది, తెల్లవారేసరికి బోరు పడుతుంది. తెల్లారి వెళ్లి ఆ బోరు మూయించమని చెప్పే ధైర్యం ఏ అధికారికీ ఉండదు, ఏ సర్పంచికీ ఉండదు. లక్ష అప్పు చేసి బోరు వేసిన రైతును నేరస్థుడిగా చూడడం న్యాయమూ కాదు. తప్పు అక్కడ లేదు. ఊరికి ఎంత నీరుంది, ఎవరు ఎంత వాడవచ్చు అన్న లెక్క ముందుగా ఊరి ముందు పెట్టకపోవడమే లోపం.

ఈ లెక్క పెట్టడం అసాధ్యం కాదని పొరుగు జిల్లాయే చూపించింది. 2003 తర్వాత ప్రకాశం, అనంతపురం, కర్నూలు సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం అమలైంది. రైతులే వర్షమాపకాలు చూసి, బావుల్లో నీటిమట్టం కొలిచి, లెక్కలు ఊరి గోడలపై రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని బడ్జెట్ వేసుకునేవారు. ఎవరికీ జరిమానాలు లేవు, నిషేధాలు లేవు. లెక్క తెలిసిన తర్వాత చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటు పొందిన ఈ ప్రయోగం విదేశాల్లోనూ చర్చకు వచ్చింది. పథకం గడువు తీరిన తర్వాత దానిని పంచాయతీల పాలనలో అంతర్భాగం చేసి ఉంటే పరిస్థితి ఇంకోలా ఉండేది.

మహారాష్ట్రలోని హివరే బజార్ మరో మెట్టు పైకెక్కింది. సాగుకు బోరుబావులు వేయరాదని, చెరకు, అరటి వంటి నీళ్లు తాగే పైర్లు పెట్టరాదని గ్రామసభే తీర్మానించుకుని పాటించింది. అక్కడి సర్పంచిగా పనిచేసిన పోపట్‌రావ్ పవార్‌కు 2020లో పద్మశ్రీ లభించింది. ప్రతి ఊరికీ అటువంటి నాయకుడు దొరకడు, నిజమే. నాయకుడు లేకున్నా నడిచే పద్ధతిని ఏర్పరచడమే ప్రభుత్వం చేయదగిన పని.

పథకాలకు కొదవ లేదు

పథకాల జాబితా మాత్రం నిజంగానే కొండవీటి చేంతాడు. 2000లో ‘నీరు-మీరు’ వచ్చింది. 2006 నుంచి ఉపాధి హామీ కింద చెరువుల పూడికతీత సాగింది. 2015లో ‘నీరు-చెట్టు’ మొదలైంది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం ‘అమృత్ సరోవర్’ ప్రకటించి జిల్లాకు 75 చెరువుల లక్ష్యం పెట్టింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపి ఉపాధి పనులపై తీర్మానాలు చేశారు. 2025లో 1.55 లక్షల పంటకుంటల లక్ష్యంతో మరో కార్యక్రమం చేపట్టారు.

వీటివల్ల మేలు జరగలేదనడం అన్యాయమవుతుంది. వేలాది చెరువుల్లో మట్టి తీశారు, ఆ మట్టి పొలాలకు చేరింది, కూలీలకు పని దొరికింది. కానీ పనిని కొలిచే కొలమానం ఘనపు మీటర్ల మట్టి కావడంతో, మట్టి ఎక్కడ తీయడం సులువో అక్కడే పని జరిగింది. చెరువు నడిమధ్య తవ్వితే బిల్లు వస్తుంది. చెరువుకు నీరు తెచ్చే వాగు మీద ఎవరో వేసిన గట్టును తొలగిస్తే తగవు వస్తుంది. పూడిక తీసిన చెరువు మరుసటి ఏడాది ఎందుకు నిండలేదని అడిగేవారికి దొరికే జవాబు ‘వానలు లేవు’ అన్నదే. పైనున్న దారి మూసుకుపోయిందన్న మాట నివేదికలో ఉండదు. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువుల లక్ష్యంతో 2015లో మొదలైన మిషన్ కాకతీయ గొలుసుకట్టు చెరువుల మాటను ముందుకు తెచ్చింది. చెరువును ఒంటరిగా కాక గొలుసులో కడియంగా చూడాలన్న ఆ దృష్టి కొండవీటి వంటి చోట ఇంకా అవసరం.

ఆక్రమణల సంగతి అందరికీ తెలిసినదే. 2023లో కేంద్రం వెలువరించిన తొలి జలవనరుల గణనలో దేశవ్యాప్తంగా 24 లక్షలకు పైగా చెరువులు, కుంటలు తేలాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాటి సంఖ్య సుమారు 1.90 లక్షలు. దేశం మొత్తంలో ఆక్రమణకు గురైనవి 1.6 శాతమేనని ఆ గణన చెబుతోంది. పల్లెటూళ్లు ఎరిగినవారికి ఈ అంకె చూస్తే నవ్వు రాకమానదు. హద్దురాళ్లు లేని చెరువుకు ఆక్రమణ జరిగిందని తేల్చేదెట్లా? చెరువులు ఉమ్మడి ఆస్తులని, వాటిని కాపాడవలసిందేనని సుప్రీంకోర్టు 2001లోనూ, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించేందుకు రాష్ట్రాలు పథకాలు రూపొందించాలని 2011లోనూ స్పష్టం చేసింది. తీర్పులు అమలు కావాలంటే ముందు సర్వే జరగాలి. సర్వేయరును పిలిచే అధికారం పంచాయతీకి ఉన్నా, వచ్చేదీ రానిదీ తహసీల్దారు కార్యాలయం దయ.

పంచాయతీ చేతిలో పైసలేవి?

పదిహేనో ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు స్థానిక సంస్థలకు ఇచ్చిన నిధుల్లో అరవై శాతాన్ని నిర్దిష్ట పనులకే ముడిపెట్టింది. అందులో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి. నీటికి ప్రత్యేకించి ఇంత వాటా కేటాయించడం మంచి ఆలోచన. ఆచరణలో ఏమైందో సర్పంచులు బాహాటంగానే చెప్పుకున్నారు. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు ముగిసిన తర్వాత 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ఎన్నికైన పాలకవర్గాలు లేవన్న కారణంతో కేంద్ర నిధులు నిలిచాయి. ఎన్నికలయ్యాక వచ్చిన ఆర్థిక సంఘం నిధులను విద్యుత్తు బకాయిల కింద జమ చేసుకోవడంతో, ఖాతాలో చూస్తే సొమ్ము లేదంటూ సర్పంచులు రోడ్డెక్కారు.

విద్యుత్తు బకాయి అంటే వీధి దీపాలు ఒక్కటే కాదు, తాగునీటి మోటారు కూడా. నీరు ఎంత లోతుకు పోతే మోటారు అంత ఎక్కువ కరెంటు తాగుతుంది. బిల్లు పెరుగుతుంది. బిల్లు కట్టడానికి వాన నీటిని నిలిపేందుకు ఉద్దేశించిన సొమ్ము పోతుంది. నీరు నిలవక మట్టం ఇంకా దిగుతుంది. ఈ వలయంలో చిక్కిన పంచాయతీని ‘జలవనరులు కాపాడుకోండి’ అని ఉపన్యాసాలతో మేల్కొల్పడం తేలిక.

సాగర్ నీరు వస్తే సరేసరి

కొండవీటి కొండల నుంచి పడమటికి, ఉత్తరానికి సాగితే జిల్లాలో చాలా భాగం తాగునీటికి నాగార్జునసాగర్ కుడి కాలువనే నమ్ముకుంది. 1967లో సాగర్ నీరు కాలువకెక్కిన తర్వాత పల్నాటి రూపురేఖలే మారాయి. వేసవి ముందు కాలువలకు నీరు వదిలితే మంచినీటి చెరువులు నింపుకుని, వానలు వచ్చేదాకా గడుపుకోవడం ఊళ్లకు అలవాటైంది. ఆ అలవాటే ఒక బలహీనత కూడా. 2023లో కృష్ణకు వరద లేక, నవంబరు 30న డ్యామ్ వద్ద ఇరు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించిన వేళ కుడి కాలువకు తాగునీరు వదలవలసి వచ్చింది. ఊరి బిందెకు, అంతర్రాష్ట్ర వివాదానికి మధ్య దూరం ఎంత తక్కువో ఆ రోజు తెలిసింది. కాలువకు పైనున్న వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్ట మండలాలకు ఆ ఆసరా కూడా అంతంతమాత్రమే. వాటి ఆశ అయిన వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు పడిన పునాదిరాళ్లూ ఉన్నాయి. ఆ ప్రాంతంలో రాళ్లకు కొరత ఎన్నడూ లేదు.

నీటి పరిమాణం మాట అలా ఉంటే, నాణ్యత మాట మరింత భయపెట్టేది. 2024 జులైలో పిడుగురాళ్లలో, అదే ఏడాది అక్టోబరులో దాచేపల్లిలో అతిసారం ప్రబలింది. దాచేపల్లిలో ప్రాణాలు కూడా పోయాయి. బోరు నీటిపైనే అనుమానం మళ్లడంతో వాటి వాడకం ఆపి ట్యాంకర్లతో సరఫరా చేశారు. రెండూ పంచాయతీలు కావు, పట్టణ స్థానిక సంస్థలు. సిబ్బంది, నిధులు కాస్త మెరుగ్గా ఉన్నచోటే ఇలా జరిగితే, కార్యదర్శి ఒక్కడే అన్నీ చూసుకునే చిన్న పంచాయతీ పరిస్థితి ఊహించుకోవచ్చు. క్లోరిన్ కలపడం, పైపు లీకేజీ అరికట్టడం, మురుగు కాలువలో మునిగిన కుళాయి గొట్టాన్ని పైకి లేపడం ఏవీ కోట్ల పనులు కావు. పర్యవేక్షణ పనులు. శంకుస్థాపనలు జరగవు గనుక వీటిపై ఎవరికీ ఆసక్తి ఉండదు.

ఇంటింటికీ కుళాయి లక్ష్యంతో 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటోంది. 2024కే పూర్తి కావలసిన ఆ మిషన్ గడువును 2025 బడ్జెట్‌లో 2028 వరకు పొడిగించారు. గొట్టం వేసేవారికి గడువు పొడిగించవచ్చు, గొట్టం చివరనున్న నీటి వనరుకు ఎవరు పొడిగించగలరు?

కొండ మీద కొత్త బరువు

కొండవీటికి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. ఒకప్పుడు మెట్లదారిన ఎక్కే ఓపికున్నవారే చేరిన కోటకు నేడు కుటుంబాలు వాహనాల్లో వెళ్తున్నాయి. చరిత్రను జనం చూడడం సంతోషించవలసిందే. కానీ జనం పెరిగినచోట నీటి అవసరం, చెత్త, మురుగు కూడా పెరుగుతాయి. పై చెరువులో పడిన ప్లాస్టిక్ సీసా వానకు కింది చెరువు చేరుతుందని ఆ చెరువులను కలిపి కట్టినవారికి తెలియకపోయినా, నేటి అధికారులకు తెలియాలి. పర్యాటక రుసుముల్లో కొంత భాగం కొండ చెరువుల నిర్వహణకు, కొండ కింది పంచాయతీలకు ముడిపెట్టడం కష్టమేమీ కాదు.

కొండ దిగువన గుంటూరు, విజయవాడ ప్రాంత పట్టణాల చెత్తతో విద్యుత్తు ఉత్పత్తి చేసే 15 మెగావాట్ల కేంద్రం కూడా వెలసింది. పట్టణాలకు అది పెద్ద ఉపశమనం. దాని పరిసరాల్లోని బావుల నీటిని ఏటా ఎన్నిసార్లు పరీక్షిస్తారు, ఫలితాలు ఏ పంచాయతీ గోడపై పెడతారు అని అడిగే హక్కు ఆ పల్లెలకు ఉంది. పరీక్షలు కాలుష్య నియంత్రణ మండలి చేస్తుంది, నీరు తాగేది గ్రామం. ఫలితాలు గ్రామసభ ముందుకు రావాలన్న నియమం ఒక్కటి చేరిస్తే సగం అనుమానాలు తీరుతాయి.

కొండవీడుకు కావలసింది మరో పథకం కాదు. కొండ శిఖరం నుంచి వాగు సంగమం వరకు ఉన్న నేలనంతా ఒకే పరీవాహకంగా లెక్కించి, రెండు జిల్లాల కలెక్టర్లు, అటవీ, పురావస్తు, జలవనరుల శాఖలు, నీటి సంఘాలు, సర్పంచులు ఏటా మృగశిరకు ముందు ఒకసారి, రబీ ముందు ఒకసారి కూర్చునే వేదిక కావాలి. అందులో పంచాయతీ తీర్మానానికి విలువ ఉండాలి. చెరువులకు హద్దురాళ్లు, వాగులకు పటం, ఊరి బావిలో నీటిమట్టం రాసే గోడ కావాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు. వాల్టా కింద జిల్లా ప్రాధికార సంస్థకు ఉన్న అధికారాలతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టవలసింది పల్నాడు కలెక్టరేటా, గుంటూరు కలెక్టరేటా అన్నదే తేలవలసి ఉంది.